సెకన్‌లో పదిహేనో వంతు: నేలపట్టు, పులికాట్‌లో నాలుగు రోజులు

మొదటి రోజు, శుక్రవారం

అసలు ఈ ట్రిప్ మా అమ్మ నోటి పుణ్యం. పోయినేడు నేలపట్టు పక్షుల కేంద్రంలో తీసిన గూడబాతు (పెలికాన్) ఫొటో ఒకటి, షట్టర్ 1/3200, అంటే సెకన్‌లో 3200వ వంతే తెరుచుకుంది, ఈకలు లెక్కపెట్టుకోవచ్చు, కంట్లో మెరుపు కూడా పడింది, మురిసిపోయి ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించా. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూసి "బానే ఉంది గానీ ఎగురుతున్నట్టు లేదురా, దారం కట్టి వేలాడదీసినట్టుంది" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నాకూ ఆ ఫొటోలో దారమే కనపడుతోంది.

అందుకని ఈ జనవరిలో నాకు నేనే ఒక రూల్ పెట్టుకున్నా, నాలుగు రోజులు షట్టర్ స్పీడ్ 1/60 కంటే వేగంగా పెట్టకూడదు, కదలిక మసకగా పడాలి, ఎంత మంచి పక్షి ఎంత దగ్గరికొచ్చినా సరే. చెన్నై నుంచి లోకల్ ట్రైన్ సూళ్లూరుపేట దాకా ఉంది, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, కెమెరా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నానికి దిగా. నాయుడుపేట నుంచి మా బావమరిది బైకేసుకుని వచ్చాడు. వాడికి పక్షులంటే చికెన్ వరకే ఇంట్రస్టు, కానీ మూడు రోజులు ఆఫీసు లేదు, ఇంట్లో ఉంటే పనులు చెప్తారు, అందుకని వచ్చాడు.

సాయంత్రం కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికెళ్ళి దండం పెట్టుకుని, బయటికొచ్చాక వాణ్ణి రోడ్డు మీద బైక్ మీద అటూ ఇటూ తిప్పా, నాకు ప్రాక్టీస్ కావాలిగా. పక్షి మీద డైరెక్టుగా మొదలుపెడితే ఏమీ రాదు, ముందు బైకు, తర్వాత సైకిలు, తర్వాత కుక్క, ఆ వరసలో నేర్చుకోవాలి అని నా నమ్మకం. చేసేదేంటంటే పాదాలు బండి ఎక్కడికి పోయి చేరుతుందో అటు పెట్టి నిలబడాలి, నడుము మాత్రం బండి వచ్చే వైపుకి తిప్పి కాచుకోవాలి, మోచేతులు డొక్కలకి ఆనించి దూరం నుంచే పట్టుకుని దాంతోపాటు తిరుగుతూ ఎదురుకి రాగానే మెత్తగా నొక్కాలి, నొక్కాక ఆగకూడదు, తిరుగుతూనే ఉండాలి. అందరం తప్పు చేసేది అక్కడే, క్లిక్ మనగానే చెయ్యి ఆగిపోతుంది. 1/30 దగ్గర పదికి నాలుగు బానే వచ్చాయి, 1/15కి దించితే పదికి ఒకటి, అదీ హెడ్‌లైట్ ఒక్కటే షార్ప్, మా వాడి మొహం కరిగిపోయిన ఐస్‌క్రీమ్ లాగుంది.

"షట్టర్ స్పీడంటే ఏంది బా" అన్నాడు టీ తాగుతూ. ఎదురుగా కిరాణా కొట్టాయన షట్టర్ సగం దించున్నాడు, అదే చూపించా. ఆ షట్టర్ తెరిచున్నంతసేపు ఎవరు లోపలికొస్తే వాళ్ళందరూ లెక్కలోకొస్తారు, టక్కున తెరిచి మూస్తే ఒక్కడే దొరుకుతాడు, కాసేపు తెరిచి ఉంచితే వాడు గుమ్మం దగ్గర్నించి కౌంటర్ దాకా నడిచిందంతా ఒకే ఫొటోలో పడుద్ది, అంతే. వాడు కాసేపు ఆలోచించి "మరి చెంగాళమ్మ గుడికి రాత్రి కూడా తలుపులెయ్యరు గదా, దాని స్పీడెంత?" అన్నాడు. దాన్ని బల్బ్ మోడ్ అంటారు, నొక్కి పట్టుకున్నంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది అన్నా. నవ్వలేదు వాడు, నిజంగానే గుర్తుపెట్టుకున్నాడు.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే అయిదింటికి బైక్ మీద హైవే ఎక్కాం, దొరవారిసత్రం వైపు ఇరవై కిలోమీటర్లు ఉంటుంది, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. నేలపట్టు ఇప్పుడు తిరుపతి జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరు నుంచి ఇటొచ్చింది, కానీ అక్కడ ఎవర్నడిగినా ఇంకా నెల్లూరు అనే అంటారు. పెద్ద చోటేం కాదు, అంతా కలిపి 460 హెక్టార్ల లోపే. చెరువు నీళ్ళలో మొదళ్ళు మునిగి నిలబడ్డ బారింగ్టోనియా చెట్లు, వాటి నెత్తిన గూళ్ళు, చెట్టుకి ఎన్నున్నాయో లెక్కపెట్టబోయి వదిలేశా. పెద్ద గూడబాతులు నోరెత్తవు, గోలంతా పిల్లలదే, తల్లి ముక్కు కింద సంచిలోకి మెడ దాకా దూర్చేసి తింటాయి, మొదటిసారి చూసినోళ్ళు తల్లే పిల్లని మింగేస్తోంది అనుకుంటారు. మా వాడూ అదే అనుకున్నాడు.

ఈ ఊరోళ్ళకి ఈ పక్షులంటే సెంటిమెంట్. వస్తే మంచిదని నమ్మకం, నమ్మకం ఒక్కటే కాదు, రెట్టలు పడ్డ ఆ చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు పని తగ్గుద్ది. అందుకే వీటి జోలికి ఎవరూ పోరు, మనుషులు చెట్ల దాపుల్లో నడుస్తున్నా గూళ్ళ మీంచి లేవవు. స్లో షట్టర్‌కి ఇది వరం, ఎందుకంటే కంగారుపడి లేచిన పక్షి ఎటు పోతుందో తెలీదు, పిల్లలకి మేత తెచ్చే పక్షి మాత్రం బస్సు లాగా ఒకే రూట్లో వస్తుంది. నేను ముందు అరగంట కెమెరా తియ్యకుండా చూస్తూ కూర్చున్నా. తూర్పు నుంచి వస్తున్నాయి, కట్ట చివర తాటిచెట్టు దగ్గర ఒక రౌండ్ కొడుతున్నాయి, తర్వాత దిగుతున్నాయి. సరే, తాటిచెట్టుకి ఎదురుగా నిలబడ్డా.

సూర్యుడు రాకముందు ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురు పట్టే లెక్క) 100, ఎఫ్ 5.6 (లెన్స్ కన్నం, అంకె పెరిగే కొద్దీ చిన్నదవుతుంది), షట్టర్ 1/10 అలా వచ్చింది. గూడబాతు భారీ పక్షి, రెక్కలు చాపితే ఏడు అడుగులకి తగ్గదు, ఆడించేది నింపాదిగా, నాలుగైదు సార్లు కొట్టి కాసేపు తేలుతుంది. కాబట్టి చిన్న పిట్టకి 1/60లో వచ్చే మసక దీనికి రావాలంటే 1/20, 1/15 దాకా దిగాలి. అంతా నోటి లెక్కే. తియ్యడం మొదలుపెట్టాక తెలిసింది అసలు గొడవ, అది రెక్క కిందకి కొట్టినప్పుడల్లా ఒళ్ళు పైకి లేస్తుంది, ఎత్తినప్పుడు కిందకి జారుతుంది, అంటే నేను ఎంత నున్నగా అడ్డంగా తిరిగినా దాని కన్ను నిలువుగా ఊగుతూనే ఉంది. లెన్స్‌లో వణుకు ఆపే స్టెబిలైజేషన్‌ని పానింగ్ (కెమెరాని పక్షితోపాటు తిప్పడం) మోడ్‌లో పెడితే నా చెయ్యి నిలువుగా వణికేది ఆపుతుంది గానీ పక్షి ఊగేది ఎవడు ఆపుతాడు. మొదటి గంటలో నాలుగొందల ఫ్రేములు, ఒక్కదాంట్లో కూడా కన్ను లేదు. తడిబట్ట దండెం మీద గాలికి కొట్టుకుంటున్నట్టున్నాయి అన్నీ.

అప్పుడు బుర్రకి తట్టింది, కొట్టేటప్పుడు కాదు, కొట్టడం ఆపి తేలబోయే ఆ చివరి దెబ్బ దగ్గర నొక్కాలి, అప్పటికి ఒళ్ళు ఊగడం తగ్గుతుంది, రెక్క కొసలు మాత్రం ఇంకా ఆడుతుంటాయి. ఇంకోటి, జూమ్ 600 మిల్లీమీటర్ల దగ్గర కాకుండా 300కి వెనక్కొచ్చా, పక్షి చిన్నదైంది గానీ ఫ్రేమ్ లోంచి పారిపోవడం మానేసింది. ఫోకస్ పాయింట్ మెడ మొదట్లో ఒక్క చోటే పెట్టా. అప్పట్నుంచి కాస్త దారిలో పడింది.

మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన నేను కెమెరా ఎత్తి పక్షితోపాటు గుండ్రంగా తిరగడం చాలాసేపు చూసి "ఏం నాయనా, ఒక్కటీ పళ్ళేదా?" అనడిగాడు, తుపాకీ అనుకున్నాడో ఏమో. నాకు వెంటనే మారే గుర్తొచ్చాడు. ఎతియెన్ జూల్ మారే అని ఫ్రెంచ్ ఫిజియాలజిస్టు, 1882లో ఆయన నిజంగానే తుపాకీ ఆకారంలో కెమెరా చేయించాడు, మడమ భుజానికి ఆనించి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే సెకనుకి పన్నెండు బొమ్మలు పడేవి. ఇటలీలో నేపుల్స్ దగ్గర దాన్ని పట్టుకుని పక్షుల వెంట తిరిగేవాడు, గురిపెడతాడు గానీ పక్షి పడదు, చుట్టుపక్కలోళ్ళు పిచ్చోడనుకున్నారని చెప్తారు. ఆ తర్వాత ఆయన ఒకే పలక మీద పక్షి వరస కదలికలన్నీ పడేట్టు కూడా తీశాడు, అందులో బాగా పేరొచ్చింది ఏ పక్షి అనుకున్నారు, గూడబాతే. రెక్క పైన, మధ్యలో, కింద, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు. ఆయనకి కావాల్సింది రెక్క ఎలా పనిచేస్తుందో, అందుకే ముక్కలుగా కోశాడు, నేను ఆ ముక్కల్ని మళ్ళీ కలిపేసే పనిలో ఉన్నా. పెద్దాయనకి ఇదంతా చెప్పలా. పళ్ళేదు పెద్దాయనా అన్నా. పడకపోతేనే మంచిదిలే అని మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

తొమ్మిది దాటేసరికి వెలుతురు పెరిగింది, అక్కడ ఇంకో తలనొప్పి. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 16 అంటే షట్టర్ 1/100 వచ్చేస్తుంది, 1/15కి దించాలంటే ఇంకా మూడు స్టాపుల వెలుతురు, అంటే మూడుసార్లు సగానికి సగం, తగ్గించాలి. అంటే వెలుతురు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, బిగించాలి, నా జూమ్‌కి ముందు అద్దం 95 మిల్లీమీటర్లు, ఆ సైజులో మంచిది కొనాలంటే నెల జీతంలో ముక్క పోతుంది, చౌకలో ఒకటి తెప్పించా. బిగించి తీస్తే చెరువంతా టీ నీళ్ళ రంగు. తీసి పారేసి ఎఫ్ 22కి వెళ్ళా. అంత చిన్న కన్నంలోంచి తీస్తే షార్ప్‌నెస్ కొంచెం పోతుంది, పోనీలే మసకే కదా కావాల్సింది అనుకున్నా, కానీ సెన్సార్ మీద ఉన్న దుమ్మంతా చుక్కలు చుక్కలుగా తేలుతుందని మర్చిపోయా. మధ్యాహ్నం దోశ తింటూ ఫోన్లో చూపిస్తే మా వాడు ఆకాశం వైపు వేలు పెట్టి "ఇదేం గుంపు బా, దూరంగా పోతున్నాయి?" అన్నాడు. దుమ్మురా అది.

రోజు మొత్తం 1,140 ఫ్రేములు. రాత్రి లాడ్జిలో కూర్చుని ఏరితే మిగిలింది ఆరు, అందులో ఒకటి నీళ్ళ మీదకి దిగుతున్న గూడబాతు, 1/20, కాళ్ళు ముందుకి చాపి రెక్కలతో బ్రేకేస్తోంది, అదేదో పర్లేదనిపించి ఒక స్టార్ పెట్టి వదిలేశా.

మూడో రోజు, ఆదివారం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు. పులికాట్ సరస్సుని అడ్డంగా కోసుకుంటూ పోయే రోడ్డు అది, రెండు వైపులా నీళ్ళు, మనదేశంలో చిలికా తర్వాత ఉప్పునీటి సరస్సుల్లో ఇదే పెద్దది. రోడ్డు చివర ఇస్రో వాళ్ళ షార్ గేటు, అవతలంతా రాకెట్లు, ఇవతల ఫ్లెమింగోలు. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక జనవరికి నీళ్ళు బాగుంటాయి, ఎండాకాలానికి చాలాచోట్ల బీడైపోతుంది. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ అని 2001 నుంచి చేస్తున్నారు, ఆ రోజుల్లో మాత్రం ఇటు రాకండి, పక్షుల కంటే బస్సులెక్కువ.

అటకానితిప్ప దాటాక బైకు పక్కన పెట్టి, ఇంకా చీకటుండగానే ట్రైపాడ్ దించా. ఈరోజు ప్లాన్ వేరే. గుంపుగా నిలబడి మేస్తుంటాయి కదా, తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి జల్లెడ పట్టినట్టు, అందులో కొన్ని నిద్రలో ఒంటికాలి మీద ఉంటాయి, కొన్ని నడుస్తుంటాయి. కెమెరా కదలకుండా పెట్టి అర సెకను తెరిస్తే నిద్రపోయేవి రాయిలా నిలబడతాయి, నడిచేవి పొగలాగా పోతాయి. చెప్పడానికి భలే ఉంది. తియ్యబోతే ప్రతి మూడు నిమిషాలకీ ఒక బస్సో లారీనో, అదొచ్చినప్పుడల్లా రోడ్డు, రోడ్డుతో ట్రైపాడ్, ట్రైపాడ్‌తో నా అర సెకను, అన్నీ వణుకుతాయి. నిద్రపోయే పక్షికి కూడా రెండు ముక్కులొచ్చాయి. సరే ఇంకొంచెం దిగి గట్టు మీద పెడదామని అడుగేస్తే మోకాలి దాకా దిగబడిపోయా, పైన ఎండి పెళుసుగా కనపడుద్ది, కింద నల్ల బురద. కాలొచ్చింది, చెప్పు రాలేదు. మా బావమరిది ఫొటో తీశాడు, 1/500 ఉంటుంది, పిసరంత కూడా మసక లేదు.

ట్రైపాడ్ కాళ్ళు పొట్టిగా చేసి, మధ్యలో కెమెరా బ్యాగు వేలాడదీసి బరువు పెట్టి, బండ్ల మధ్య గ్యాప్ చూసి నొక్కడం మొదలుపెట్టాక ఒకటి కుదిరింది. బూడిద రంగు నీళ్ళు, ఒడ్డేదో ఆకాశమేదో తెలీదు, పదిహేనుకి పైగా పక్షులు కదలకుండా, వాటి మధ్యలోంచి ఒక తెల్లటి చార. ఫ్లెమింగో అని చెప్తే తప్ప తెలీదు. నాకు నచ్చింది, మా వాడికి తప్పు ఫొటో లాగుంది.

ఎండ పడ్డాక ఎగరడం మొదలైంది. ఇవి గూడబాతులా కాదు, గబుక్కున లేవలేవు, నీళ్ళ మీద పదడుగులు పరిగెత్తి, ప్రతి అడుగుకీ చిందులేస్తూ, మెడ ముందుకి కాళ్ళు వెనక్కి కర్రలా చాపి లేస్తాయి. నిలబడి ఉన్నప్పుడు ఏదో లేత గులాబీ అనిపిస్తాయి అంతే, రెక్క విప్పితే అప్పుడు బయటపడుతుంది లోపలి ఎర్రరంగు, దాని చివర నల్లటి పెద్ద ఈకలు. మామూలు స్పీడ్‌లో తీస్తే ఎరుపొక చోట నలుపొక చోట విడివిడిగా ఉంటాయి. 1/15లో తీస్తే ఆ ఎరుపు నలుపు మీదకి పాకుతుంది, పూజారి హారతి తిప్పినప్పుడు వెలుగు చుట్టలాగా కనపడుద్దే అలా, రెక్క ఉన్న చోటంతా వంకాయ రంగు విసనకర్ర, దాని మధ్యలో మెడ మాత్రం గీత గీసినట్టు. మెడ ఎందుకు షార్ప్‌గా ఉందంటే ఇది గూడబాతు అంత ఊగదు, పొడుగు మెడ చివర తల దాదాపు ఒకే లెవెల్లో పోతుంది. నిన్నటి కష్టానికి ఇవాళ దక్షిణ దొరికినట్టయింది.

వెనక ఏముందో కూడా చూసుకోవాలి. ఖాళీ ఆకాశం మీద పోయేదాన్ని ఎంత పాన్ చేసినా గాల్లో ఆగినట్టే ఉంటుంది, వెనకాల గీతలు పడ్డానికి ఏదో ఒకటి ఉండాలిగా. దూరంగా సర్కారు తుమ్మ వరస ఉన్న వైపు పోయినప్పుడు పచ్చటి చారలు పడ్డాయి, అప్పుడొచ్చింది వేగం. అందుకే నేను పక్షుల్ని వదిలేసి తుమ్మచెట్లకి ఎదురుగా కూర్చుని, ఆ ముందునుంచి ఎప్పుడు పోతాయా అని కాచుకున్నా, రెండు గంటల్లో నాలుగు సార్లు పోయాయి.

కోపమొచ్చిన విషయం కూడా రాయాలి. ఒక కారు ఆగింది, నలుగురు దిగారు, పెద్ద పెద్ద లెన్సులు, ఎగిరితేనే కదా ఫొటో అని ఒకతను చప్పట్లు కొట్టి, అవి కదలకపోతే రాయి తీసుకుని విసిరాడు. వందల పక్షులు ఒక్కసారి లేచాయి, వీళ్ళు టకటకా నొక్కుకుని అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయారు. ఎంతెంత దూరం నుంచో తిండి కోసం వచ్చిన పక్షి, లేచిన ప్రతిసారీ తిన్నది కరగాల్సిందే, ఆ పరుగు చూస్తేనే తెలుస్తుంది ఎంత ఖర్చో. నేను ఏమన్నా అన్నానా అంటే ఏమీ అనలేదు, ఒక చెప్పుతో నిలబడి ఉన్నా. మా వాడే అన్నాడు, "ఏందన్నా అది, మీ ఇంటికొచ్చి రాయేస్తే తెలుస్తాది" అని, వాళ్ళు కారు అద్దం ఎత్తేశారు. నాకు తెలీకుండా నా కెమెరా కూడా ఆ లేచిన గుంపు వైపు తిరిగింది, పదకొండు ఫ్రేములు పడ్డాయి. రాత్రి డిలీట్ చేశా. అందులో ఒకటి నిజంగా బాగుంది, అయినా చేశా.

నాలుగో రోజు, సోమవారం

మధ్యాహ్నం ట్రైన్, కాబట్టి పొద్దున్న రెండు గంటలే. ఈసారి ఫ్లెమింగోల జోలికి పోకుండా నిన్న వస్తూ చూసిన చోటికి వెళ్ళా, రోడ్డు కింద తూము దగ్గర నలుపుతెలుపు లకుముకి పిట్ట. ఇది కొమ్మ మీద కూర్చుని కాదు, గాల్లో ఒకే చోట ఆగి రెక్కలాడిస్తూ కిందకి చూస్తుంది, చేప కనపడ్డాక నిలువునా పడుతుంది. స్లో షట్టర్ నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి పిట్ట లేదు, పానింగ్ అక్కర్లేదు, నడుము తిప్పక్కర్లేదు, తల మేకు కొట్టినట్టు నిలబెడుతుంది, రెక్కలు మాత్రం వాటి పని అవి చేస్తుంటాయి. ముందే తెలిసుంటే మొదటి రోజు బైకు బదులు దీంతోనే మొదలుపెట్టేవాణ్ణి.

1/60లో రెక్క ఇంకా రెక్కలాగే ఉంది, 1/30లో తల రెండు వైపులా బూడిద రంగు మబ్బులు, 1/15కి వెళ్తే రెక్కలు పూర్తిగా మాయమైపోయి ఒక తల, ఒక ముక్కు గాల్లో వేలాడుతున్నాయి. 1/30 దగ్గరే ఆగా. నా వరకు హద్దు అదే, ఏదో ఒకటి నిలబడి ఉండాలి, కన్నో మెడో కాలో, అది కూడా పోతే అది కదలిక కాదు, చెయ్యి వణకడం. కొంతమంది అన్నీ కరిగించేసి పెయింటింగ్ లాగుంది అంటారు, వాళ్ళ ఇష్టం, నాకు మాత్రం అలాంటివి చూస్తే కళ్ళజోడు ఎక్కడుందో వెతుక్కోబుద్దేస్తుంది. మూడోసారి పిట్ట పడింది, నేను షట్టర్ నొక్కింది, అది నీళ్ళలో మునిగింది ఒకేసారి, ఫొటోలో తెల్లటి నిలువు గీత, కింద ఒక గుండ్రం. చేప దొరికిందో లేదో మా వాడు చూశాడంట, దొరికింది అన్నాడు.

ట్రైన్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది, కార్డులన్నీ మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటూ వచ్చా. నాలుగు రోజులకి 3,200 చిల్లర, ఉంచుకునేవి తొమ్మిది. ఆ ఫ్లెమింగో విసనకర్రే బెస్టు అనుకున్నా గానీ, శనివారం ఒక స్టార్ పెట్టి వదిలేసిన గూడబాతు దగ్గర ఆగిపోయా. కన్ను ఉంది. కాళ్ళ వేళ్ళ మధ్య చర్మం విప్పుకుని కనపడుతోంది. రెక్కలు మాత్రం ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు, కొసలెక్కడున్నాయో చెప్పలేం. కింద నీళ్ళలో దాని నీడ పైకి లేచొస్తోంది, రెండింటికీ మధ్య జానెడు ఖాళీ.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పెద్దగా పెట్టి అమ్మని పిలిచా. కళ్ళజోడు పెట్టుకుంది, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"దిగుతోందా ఇది?"

అవునమ్మా అన్నా.

"మరి నీళ్ళకి తగలకముందే ఆపేశావేం, తర్వాతది చూపించు."

తర్వాతి ఫ్రేమ్‌లో ముక్కు సగానికి తెగిపోయింది, తీస్తూ తీస్తూ నేనే నడుము తిప్పడం ఆపేశా. అదే చూపించా.